రెండు పక్కలా తెల్లగుడ్డ

పెళ్లయిన మూడో ఏడు, పిల్లల ఊసే లేని రోజుల్లో, నాకు పాలు వచ్చాయి.

పెడనలో మా ఇంటి వెనక షెడ్డులో అచ్చుల బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. జాకెట్టు తడిసింది. చెమట అనుకున్నాను. వేసవిలో ఆ రేకుల కింద చెమట పట్టని మనిషెవరు? కానీ చెమట సరిగ్గా రెండు చోట్లే, గుండ్రంగా పట్టదు కదా. లోపలికెళ్లి గడియ పెట్టుకుని చూసుకున్నాను. చూసి మంచం మీద కూర్చుండిపోయాను. భయం వేసింది, సిగ్గు వేసింది. నిజం చెప్పాలంటే ఆ రెండింటికన్నా ముందు ఆశ్చర్యం వేసింది. నెలసరి ఆగి అప్పటికే చాలా నెలలైంది. నెలనెలా ఆశపడి పరీక్ష చేసుకోవడం, ఏమీ లేదని తేలడం అలవాటైపోయింది. కడుపు లేదు, బిడ్డ లేదు. మరి ఈ పాలు ఎవరికోసం?

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. దేన్నీ ఊరికే వదలను. దివిసీమలో, కోడూరులో పెరిగాను. నాన్న అక్కడి హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. చెరువులో రొయ్యలు నిద్రపోతాయా, నిద్రపోతే మునిగిపోవా అని అడిగి నాన్న ప్రాణం తీసేదాన్ని. డిగ్రీ అయ్యాక కలంకారీ అద్దకం చేసే ఇంటికి కోడలిగా వచ్చి, ఆ పని అత్తగారి మీద పెట్టాను. గుడ్డని కరక్కాయ నీళ్లలో ఎందుకు ముంచుతారు, నల్లరంగు కుండలో బెల్లం ఎందుకు, ఇనప తుక్కు ఎందుకు? ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు, "అడిగింది చాల్లే గానీ ఇది పట్టుకో," అని నా చేతిలో అచ్చు పెట్టింది. అలా పనిలో పడ్డాను.

ఆ పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ముందు నల్ల గీతల అచ్చు వేస్తారు. గుడ్డ మీద పువ్వు ఆకారం మాత్రం పడుతుంది. తర్వాత ఆ గీతల లోపల పడేటట్టు రంగు అచ్చు వేస్తారు. రంగు గీత దాటకూడదు. పళ్లెంలో రంగు అద్దాలి, గుడ్డ మీద పెట్టాలి, పిడికిలితో రెండు గుద్దులు గుద్దాలి, లేపాలి. అద్దు, పెట్టు, గుద్దు గుద్దు, లేపు. ఈ దరువు చేతికి పట్టేదాకా మా అత్తగారు నన్ను మంచి గుడ్డ ముట్టుకోనివ్వలేదు. పట్టాక అది నన్ను వదల్లేదు. బస్సులో కూర్చున్నా, ఎవరితోనో మాట్లాడుతున్నా, చెయ్యి దానంతటదే తాళం వేస్తూ ఉండేది. "నిద్దట్లో నా వీపు మీద చీరలు అద్దేస్తున్నావు, కూలి ఎవరికివ్వాలి?" అని మా ఆయన ఏడిపించేవాడు.

పాల సంగతి ఎవరికీ చెప్పలేదు. దాస్తే దాగుతుందా? నానబెట్టిన బట్టల్లో జాకెట్టు మరకలు అత్తగారు చూసింది. నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఏంటే ఇది?" అంది. చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, "పద, గుడివాడ డాక్టరమ్మ దగ్గరికి పోదాం," అంది. అనవసరంగా ఒక్క మాట కూడా అనలేదు. నోరున్న మనిషి నోరు మూసుకుంటే నాకు ఇంకా భయం.

రైలెక్కి గుడివాడ వెళ్లాం. నేను రొమ్ముల గురించి చెప్తుంటే డాక్టరమ్మ, "తలనొప్పి వస్తోందా?" అని అడిగింది. తర్వాత, "నడిచేటప్పుడు తలుపులకీ గోడలకీ తగులుతున్నావా?" అని అడిగింది. అత్తగారు నా చెవిలో, "ఈవిడ సరిగ్గా వినలేదేమోనే," అని గొణిగింది. డాక్టరమ్మ విన్నది. రక్తపరీక్ష రాసింది, విజయవాడలో తలకి స్కానింగ్ చేయించుకు రమ్మంది.

ఆ రిపోర్టులు వచ్చాక ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. ముక్కుకి వెనకాల, మెదడు కింద, శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందట. పిట్యూటరీ అంటారట. ఒంట్లో మిగతా గ్రంథులన్నిటి మీదా దానిదే పెత్తనం. బిడ్డ పుట్టినప్పుడు పాలు రావాలని చెప్పేదీ అదే. నాకు దాని మీద ఒక గడ్డ లేచింది. ఆ గడ్డ వేళాపాళా లేకుండా పాల హార్మోను వదులుతోంది. "పాలిచ్చే తల్లికి నెలసరి ఆగుతుంది కదా, నీ ఒళ్లు నిన్ను పాలిచ్చే తల్లి అనుకుంటోంది. అందుకే నెలసరి లేదు, అందుకే కడుపు రావట్లేదు," అంది.

"క్యాన్సరా అండీ?" అంది అత్తగారు.

"కాదండీ. కానీ కాస్త పెద్దదే."

అప్పుడు డాక్టరమ్మ తన పిడికిలి బిగించి, దాని మీద నా రెండు చూపుడువేళ్లు ఒకదానికొకటి అడ్డంగా పెట్టమని చెప్పింది. పిడికిలి గడ్డ. వేళ్లు కంటి నరాలు. రెండు కళ్ల నుంచి వెనక్కి వెళ్లే నరాలు సరిగ్గా ఆ గ్రంథికి పైన ఒకదాన్నొకటి దాటుతాయట. గడ్డ పెరిగితే ఆ కూడలిని కింద నుంచి తోస్తుంది. అప్పుడు ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, రెండు పక్కలా ఉన్నది పోతుంది. గుండెల మీద తడికీ కంటిచూపుకీ చుట్టరికం ఉందంటే నేను నమ్మలేకపోయాను. నా భయం అంతా ఎక్కడికి పోయిందో గానీ, ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. పక్కలే ఎందుకు పోతాయి, మధ్య ఎందుకు పోదు? కూడలిలో అటు నుంచి ఇటు దాటే పోగులు పక్కచూపువే కాబట్టి అంది. ఆవిడకి కూడా సరదా పుట్టినట్టుంది, బయట పేషెంట్లు గోల చేస్తున్నా ఓపిగ్గా చెప్పింది. అత్తగారు నన్ను మోచేత్తో పొడిచి లేపింది.

మందు చిన్న మాత్ర. వారానికి రెండుసార్లు. అంత గడ్డకి ఇంత మాత్రా అనిపించింది. వేసుకున్న రోజు మాత్రం చుక్కలు కనిపించేవి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి, వాంతి వచ్చేటట్టు ఉండేది. ఖాళీ కడుపుతో వేసుకుంటే మరీను. అత్తగారు పెరుగన్నం పిడచలు పెట్టి మరీ మింగించేది. కొన్ని వారాల్లో పాలు ఆగాయి. తర్వాత నెలసరి వచ్చింది. మళ్లీ స్కానింగ్ తీస్తే గడ్డ బాగా తగ్గింది. ఆ తర్వాత, మేం ఆశ పెట్టుకోవడం మానేసిన సమయంలో, నెల తప్పింది.

ఇంట్లో ఎంత సంబరమో చెప్పలేను. డాక్టరమ్మ మటుకు సంబరం పక్కనబెట్టి జాగ్రత్తలు చెప్పింది. మాత్ర ఆపేయమంది. గడ్డ తగ్గింది కాబట్టి కడుపుతో ఉన్నన్నాళ్లూ అవసరం ఉండకపోవచ్చు. కానీ గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి మామూలుగానే ఉబ్బుతుంది, గడ్డ కూడా మళ్లీ పెరగొచ్చు. "చూపులో ఏ తేడా వచ్చినా వెంటనే రా. నరం ఎక్కువకాలం నలిగితే పోయిన చూపు మళ్లీ రాదు," అంది. మధ్యమధ్య బందరులో కళ్ల పరీక్ష చేయించుకోమని రాసిచ్చింది. ఇంటికి రాగానే అత్తగారు ఆ మాత్రల అట్టని తీసి బీరువా మీద పారేసింది. "పీడా పోయింది," అంది. నేనూ అదే అనుకున్నాను.

అయిదో నెలలో నాన్నని చూడటానికి కోడూరు వెళ్లాను. బస్సు దిగితే నాన్న స్కూటర్ తెచ్చారు. వెనక కూర్చున్నాను. మా ఇంటికి పోయే దారికి రెండు వైపులా రొయ్యల చెరువులే. నీళ్లలో గాలి కలపడానికి చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతూ ఉంటాయి. నాకు చిన్నప్పటి నుంచీ వాటిని చూడటం సరదా.

"చక్రాలు ఆపేశారేంటి నాన్నా, కరెంటు లేదా?" అన్నాను.

"తిరుగుతున్నాయి కదే. చప్పుడు వినపడట్లేదా?"

వినపడుతోంది. రెండు చెవుల్లోనూ వినపడుతోంది. తల పక్కకి తిప్పాను. నిజమే, తెల్లగా నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. తల ముందుకి తిప్పాను. చెరువుల్లేవు. నాన్న వీపు, చారెడు రోడ్డు, అంతే. ఎండ దెబ్బ అనుకున్నాను. కడుపుతో ఉన్నదానికి ఏది జరిగినా కడుపు వల్లేనని చెప్తారు కదా, నేనూ నాకు అదే చెప్పుకున్నాను. అయినా మనసులో పీకుతూనే ఉంది. ఎలాగూ బందరులో పరీక్ష ఉంది, అందులో తేలిపోతుందిలే అనుకున్నాను.

ఆ పరీక్షే నా కొంప ముంచింది.

చీకటి గదిలో కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసేశారు. తెల్లటి పెద్ద గిన్నెలాంటి దాని ముందు గడ్డం ఆనించమన్నారు. నడిమధ్యలో పసుపు చుక్క, దాన్నే చూడాలి. చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి చక్కగా చెప్పింది. నేనూ చక్కగా తలూపాను. మిషను లోపల ఏదో టక్కుటక్కుమని కదులుతోంది. గది చల్లగా, చీకటిగా, హాయిగా ఉంది. నేను పసుపు చుక్క మీద చూపు పెట్టాను. చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

రెండు కళ్లూ అయ్యాక ఆ అమ్మాయి కాగితం చూసి, "మరీ తొందరగా నొక్కేస్తున్నారండీ. పర్లేదు, చూపు అయితే బాగానే ఉన్నట్టుంది. కావాలంటే ఇంకోసారి చేద్దాం," అంది. నాకు నడుము లాగేస్తోంది, ఆకలి వేస్తోంది. బాగుందన్నాక ఇంకోసారి ఎందుకు? బయటికి వచ్చి బందరు హల్వా కొనుక్కుని రైలెక్కాను. అత్తగారికి హల్వా పెట్టి, కళ్లు బాగున్నాయని చెప్పాను. ఆవిడ దేవుడి ముందు దీపం పెట్టింది.

ఆరో నెలలో అత్తగారు నాకు బరువు పనులు మానిపించింది. కూర్చుని రంగు నింపే పని మాత్రం చేయనిచ్చింది. ఒకరోజు ఒక చీర పొడవంతా నల్ల గీతల పూలు ఆవిడే వేసి, బల్ల మీద పరిచి, ఎర్రరంగు అద్దమని నాకు అప్పగించింది. మధ్యాహ్నానికి అయిపోయింది. "అత్తయ్యగారూ, అయింది," అని కేకేశాను. ఆవిడ వచ్చింది. గుడ్డ మీదికి వంగింది.

"ఎలా ఉంది?"

"ఏం చెప్పమంటావు? సగం చీరే అద్ది అయిందంటావేంటి?"

"మొత్తం అద్దాను."

"మొత్తమా! మరి ఈ అంచు పూలకి ఎవరొచ్చి వేస్తారు, మీ నాన్నా?"

ఆవిడ గుడ్డ ఎత్తి దూరంగా దండెం మీద వేసింది. అప్పుడు చూశాను. మధ్యలో వరసలన్నీ ఎర్రగా ఉన్నాయి. పై అంచు వెంట, కింది అంచు వెంట పూలు ఉత్త గీతలతో తెల్లగా ఉండిపోయాయి. నేను బల్లకి ఒక కొసన కూర్చుని, గుడ్డని నా వైపు లాక్కుంటూ పని చేశాను కాబట్టి ఆ అంచులు నాకు కుడీ ఎడమా అవుతాయి. మధ్యలో కూడా కొన్ని పూలకి రంగు గీత దాటి పక్కకి పోయింది. ఆ పూలు ఖాళీగా ఉన్నాయని నాకు తెలియకపోవడం కాదు, అక్కడ పూలున్నాయనే నాకు తెలియలేదు.

"ఇంకోసారి పరీక్ష చేయాలి," అన్నాను.

"చేశారుగా బందరులో. బాగుందన్నారుగా."

"మీరు చేయండి."

గోడకి ఒక మేకు ఉంది. దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక కన్ను చేత్తో మూసుకుని, మేకునే చూశాను. అత్తగారిని పెద్ద నెమలి అచ్చు పట్టుకుని నా చెవి పక్క నుంచి మెల్లగా ముందుకి రమ్మన్నాను. ఆవిడకి ఇదంతా వేళాకోళంగా ఉంది.

"కనపడుతోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఆటలాడుతున్నావా ఏమే? నీ మొహం ముందే ఉంది!"

"నిజంగా లేదు అత్తయ్యగారూ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఇంకాస్త జరిగింది. మేకు దగ్గరికి వచ్చాక ఉన్నట్టుండి నెమలి ముక్కు ఊడిపడింది. రెండో కంటికీ, రెండో పక్కకీ అంతే.

పోయిన చోట నల్లగా ఉంటుందని అంతకుముందు ఊహించుకునేదాన్ని. నల్లగా ఉండదు. మన వీపు వెనక ఉన్నది మనకి నల్లగా కనిపిస్తుందా? అసలు కనిపించదు, అంతే. నా వీపు రెండు పక్కల నుంచీ ముందుకి జరిగి వచ్చిందన్నమాట. అంత భయంలోనూ అది నాకు వింతగా అనిపించింది. ఇంకోసారి తిప్పండి, ఈసారి పై నుంచి తెండి, కింద నుంచి తెండి అని ఆవిడని వేధించాను. నేను అడిగినట్టల్లా ఆవిడ తిప్పింది.

మరి బందరులో మిషను ఎందుకు కనిపెట్టలేదు? ఆ ప్రశ్న ఒక్కటి మిగిలింది. అలాగే కూర్చుని మేకు వంక చూస్తూ ఆలోచిస్తున్నాను. మా ఆయన వచ్చి విషయం విని, గాభరాగా డాక్టరమ్మకి ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ మోగుతుండగా నా చేతి వైపు చూసి, "ఆ తాళం కాసేపు ఆపవే తల్లీ, ఇక్కడ నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు," అన్నాడు.

కిందికి చూశాను. నా బొటనవేలు కుర్చీ చేతి మీద కొడుతోంది. అద్దు, పెట్టు, గుద్దు గుద్దు, లేపు.

ఓరి దేవుడో అనుకున్నాను. ఆ చీకటి గదిలో నేను వెలుగుకి నొక్కలేదు. దరువుకి నొక్కాను. మిషను వెలుగు చూపించినా నొక్కాను, చూపించకపోయినా నొక్కాను. నాకు కనిపించని చోట కూడా నా చెయ్యి పూలు అద్దేసి వచ్చింది. నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. మా ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు.

మర్నాడు మళ్లీ బందరు. ఈసారి కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. బటన్ ఎడమచేతిలో పట్టుకున్నాను. ప్రతి వెలుగుకీ, "ఉందా? నిజంగా ఉందా?" అని నన్ను నేను అడిగి నొక్కాను. చాలాసేపు నొక్కడానికి ఏమీ లేదు. నిశ్శబ్దంగా కూర్చోవడం నాకు చేతకాదు. ఆ నిశ్శబ్దం నన్ను చంపేసింది. బయటికి వచ్చిన కాగితంలో కుడికంటికి కుడివైపు సగం నలుపు, ఎడమకంటికి ఎడమవైపు సగం నలుపు. పోయినసారి చేసిన అమ్మాయే ఈసారీ చేసింది. పాత కాగితం పక్కన పెట్టి చూసుకుని, కొత్తది నా చేతికిచ్చింది.

కడుపుతో ఉన్నానని రంగు మందు ఎక్కించకుండా స్కానింగ్ తీశారు. గడ్డ మళ్లీ పెరిగింది, నరాల కూడలిని తోస్తోంది. డాక్టరమ్మ విజయవాడలో హార్మోన్ల డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, మాత్ర వెంటనే మొదలుపెట్టమంది. దానికి లొంగకపోతే ఆపరేషన్, అదీ కడుపుతో ఉండగానే.

అత్తగారు లేచి నిలబడింది. "కడుపుతో ఉన్నదని మాత్ర ఆపించింది మీరేగా అండీ? ఇప్పుడు కడుపు ఇంకా పెద్దదైంది. అప్పుడు పడనిది ఇప్పుడెలా పడుతుంది?"

నాకు కోపం రాలేదు. అది నేను అడగాల్సిన ప్రశ్న.

"పడదని ఆపలేదండీ. అవసరం లేదని ఆపాం," అంది డాక్టరమ్మ. "కడుపుతో ఉన్నప్పుడు అవసరం లేని మందేదీ ఇవ్వం. ఈ మాత్ర వాడిన తల్లుల బిడ్డల్ని చాలాకాలంగా చూస్తున్నారు, హాని ఉన్నట్టు తేలలేదు. ఏమీ జరగదని మటుకు రాసివ్వలేను. చూపు సంగతి అలా కాదు. ఆలస్యమైతే పోతుంది, అది రాసివ్వగలను."

తిరిగి రైలెక్కాం. లోపల బిడ్డ కదులుతోంది. నా కళ్లు కావాలి, బిడ్డ కావాలి, రెండూ కావాలని గొంతు చించుకుని అరవాలనిపించింది. పుట్టబోయే బిడ్డకి ఏ చిన్న లోపం ఉన్నా, జీవితాంతం ఆ మాత్రే కారణమని అనుకుంటాను. వేసుకోకపోతే ఆ బిడ్డ నడుస్తూ నా పక్క నుంచి రోడ్డు మీదికి వెళ్లినా నాకు తెలియదు. అచ్చు పని సంగతి సరేసరి. ఎదురు సీటులో ఎవరో వచ్చి కూర్చున్నారు, లేచి వెళ్లారు. మనుషులు లేనిచోటు నుంచి వచ్చి లేనిచోటికి పోతున్నారు.

ఇంటికి రాగానే స్టూలేసుకుని బీరువా మీద నుంచి మాత్రల అట్ట నేనే తీయబోయాను. అత్తగారు నన్ను దింపేసి, తనే ఎక్కి తీసింది. అట్ట చేతిలో పట్టుకుని నిలబడింది, నాకు ఇవ్వదు. దానికోసం దెబ్బలాడాలేమోనని నేను మాటలు కూడదీసుకుంటున్నాను.

"ముందు అన్నం తిను," అంది. "ఖాళీ కడుపుతో వేసుకుంటే నీకు తిప్పుతుంది."

పెరుగన్నం కలుపుకొచ్చి పెట్టింది. మాత్ర మింగాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున కాఫీ అయ్యాక మేకు ముందు కూర్చోవడం, ఆవిడ నెమలి తిప్పడం. మొదట్లో ఏ తేడా లేదు. తర్వాత ఒకరోజు నెమలి ముక్కు కాస్త ముందే వచ్చింది. మరికొన్ని రోజులకి మెడ వచ్చింది. పక్కలు ఎలా వస్తున్నాయో చూడటం నాకు పిచ్చిగా పట్టుకుంది. ముందు కదలిక మాత్రమే తెలిసేది, ఏదో ఉందని, ఏమిటో తెలియదు. తర్వాత ఆకారం. రంగు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. మా బల్ల మీద గుడ్డకి కూడా ముందు గీత, తర్వాతే రంగు. ఆ మాట అత్తగారితో అంటే, "నోరు మూసుకుని మేకు చూడు," అంది.

ఆ రోజుల్లోనే మా ఆయన ఒక మాట చెప్పాడు. "నువ్వు అన్నం తింటున్నప్పుడు, పూలు కడుతున్నప్పుడు, మా అమ్మ నీ పక్కనే నిలబడి ఏడుస్తోంది, నీకు కనపడదని తెలిసే," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను ఇక్కడ చూపు పోయి ఛస్తుంటే, నా ఖాళీని ఈవిడ ఏడుపుగది చేసుకుందా! అడిగేద్దామనుకున్నాను. ఎదురుగా ఎప్పుడు చూసినా ఆవిడ మొహం గంభీరంగా, పొడిగా ఉండేది. అడగలేకపోయాను.

గుడివాడలో పాప పుట్టింది. వేళ్లు, కాళ్లు, చెవులు, అన్నీ అత్తగారు తడిమి తడిమి చూసింది, డాక్టర్లు చూశాక కూడా. పిల్ల బంగారంలా ఉంది. నాకు పక్కచూపు చాలావరకు వచ్చింది గానీ ఇంకా పూర్తిగా రాలేదు. గడ్డ ఇంకా నరానికి దగ్గరగానే ఉంది. అందుకని మాత్ర ఆపడానికి వీల్లేదంది డాక్టరమ్మ. మాత్ర వేసుకుంటే పాలు రావు.

అత్తగారు అప్పటికే బాలింతలకి పెట్టే కాయం దంచి ఉంచింది. పాలు పడాలని వెల్లుల్లి కారం చేసింది. వాటిని ఏం చేసిందో నేను అడగలేదు. ఆవిడ ఏడుపు తర్వాత నా జన్మలో అడగని రెండో ప్రశ్న అదేనేమో. బిడ్డ లేనప్పుడు జాకెట్లు తడిసిపోయేటట్టు వచ్చాయి. ఎవరికీ తెలియకూడదని చీకట్లో ఉతుక్కున్నాను. ఇప్పుడు నా బిడ్డ నోరు తెరిచి నా గుండెల మీద వెతుక్కుంటుంటే ఒక్క చుక్క లేదు. కళ్లకోసం మాత్ర మింగినదాన్ని, కళ్లారా చూస్తూనే ఉన్నాను అది వెతుక్కోవడం. ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను.

పెడన తిరిగొచ్చాక అత్తగారు వెండి ఉగ్గుగిన్నె తీసింది. మా ఆయనకి ఉగ్గు పట్టింది దానితోనే. డాక్టరమ్మ చెప్పినట్టు దాన్ని మరిగించి, డబ్బాపాలు కలిపి, గిన్నె ముక్కు పిల్ల పెదవులకి ఎలా ఆనించాలో, ఎంత వంచాలో చూపించింది. పిల్ల గుటక వేసేదాకా ఆగాలి, వేశాక వంచాలి. ఇది నా దరువు కాదు, పిల్ల దరువు. నేర్చుకోవడానికి కొన్ని రోజులు పట్టింది.

ఒకరోజు పొద్దున షెడ్డు గుమ్మంలో కూర్చుని పాలు పడుతున్నాను. పాప నా కళ్లలోకే చూస్తూ తాగుతోంది. నేనూ దాని కళ్లలోకే చూస్తున్నాను. అప్పుడు ఎడమవైపు అంచున ఏదో కదిలింది. తల తిప్పలేదు. కదలిక ఆకారమైంది. అత్తగారు, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆవిడ చీర ఎరుపు కూడా తెలుస్తోంది.

"అత్తయ్యగారూ, కనిపిస్తున్నారు," అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. కొంగు దించింది. నేను తల తిప్పలేదని చూసుకుంది.

"కనిపిస్తే కనిపించనీ," అంది. పక్కకి తప్పుకోలేదు, కళ్లు తుడుచుకోలేదు. అక్కడే నిలబడి, ఈసారి పైకే ఏడ్చింది. పాప గుటక వేసింది. దాని మొహం మీద నుంచి చూపు తిప్పకుండానే, గిన్నె వంచుతూ, నేను ఆవిడని మొత్తం చూశాను.